పవర్ హౌస్‌ను కూల్చిండ్రు... బొగ్గు పట్నాల పోస్టాఫీసులనన్నా మిగలనియ్యండి!

ఒక కాగితం మీద రెండు అడ్రసులు రాసి చూడండి. ఒకటి: హైటెక్ సిటీ, మాదాపూర్, 500081. రెండోది: ఇల్లందు, 507123. రెండు పిన్ కోడ్‌లకూ మొదటి రెండంకెలు ఒక్కటే. తపాలా శాఖ లెక్కల ఈ రెండూ ఒకే ఇంటి బిడ్డలు.

పాలకుల లెక్కల మాత్రం ఒకరు ముద్దుబిడ్డ, ఇంకొకరు సవతిబిడ్డ.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి వచ్చి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిండు. ఆనాటి నుంచి ఆ గుండ్రటి బిల్డింగు బొమ్మ లేని ప్రభుత్వ ప్రకటన లేదు. హైదరాబాద్ అంటే అదే, అభివృద్ధి అంటే అదే అని చెప్పి చెప్పి మన పిల్లల నోట కూడా అదే మాట పలికిచ్చిండ్రు. ఇంకా ముప్పై ఏండ్లు నిండని ఆ అద్దాల మేడకు అంత చరిత్ర ఉంటే, 1889 నుంచి బొగ్గు తవ్విన ఇల్లందుకు ఎంత చరిత్ర ఉండాలె? ఆ చరిత్రకు గుర్తుగ నిలబడ్డ గోడలు ఎన్ని? అవి ఎక్కడున్నయి? ఎవరన్న లెక్క రాసిండ్రా?

రాస్తే బయట పెట్టండి. రాయకపోతే ఎందుకు రాయలేదో చెప్పండి. ఈ వ్యాసం అడిగేది ఇంతే.

బొగ్గుట్ట నుంచి లండన్ దాక

ఇల్లందును మన పెద్దోళ్లు బొగ్గుట్ట అనే పిలిచేది. భద్రాచలం రాములోరి కాడికి పోయే యాత్రికులు వంటకు మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేస్తే రాళ్లే అంటుకున్నయని ఒక కథ చెప్పుకుంటరు. కథ సంగతి ఎట్లున్నా, 1871ల విలియం కింగ్ అనే సర్వే శాస్త్రవేత్త ఇక్కడ బొగ్గు ఉన్నదని తేల్చిండు. 1886ల ఇంగ్లండుల పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు చేతుల వేసుకున్నది. ఆ హక్కులు కట్టబెట్టిన తీరు మీద ఎంత గోల లేచిందంటే, 1888ల లండన్ పార్లమెంటే ఒక కమిటీ వేసి విచారించాల్సి వచ్చింది. 1920 డిసెంబరు 23న ఆ కంపెనీ ఆస్తులూ అప్పులూ అన్నీ సింగరేణి కాలరీస్ కంపెనీ చేతికి వచ్చినయి. 1945ల నిజాం సర్కారు ఎక్కువ వాటాలు కొన్నది.

ఈ వరుస మల్లొక్కసారి చదవండి. పని ఇక్కడ, పెత్తనం లండన్‌ల. చెమట ఇక్కడ, లాభం లండన్‌ల. హైటెక్ సిటీకి వచ్చి ఔట్‌సోర్సింగ్ అని కొత్తగ పేరు పెట్టిన పద్ధతి, బొగ్గుట్ట బిడ్డలు నూటపాతికేండ్ల కిందనే అనుభవించిండ్రు. తేడా ఒక్కటే. ఇప్పుడు సముద్రం దాటి పోయే లెక్కలు కంప్యూటర్ తీగల మీద పోతున్నయి. అప్పుడు పోస్టు సంచుల పోయినయి.

అందుకే బొగ్గు పట్నంల పోస్టాఫీసు అంటే చిట్టి కాగితాలు అమ్మే దుకాణం కాదు. అడవి నడుమ లేచిన ఊరికి లోకంతోటి ఉన్న తోవ అది. దొర బంగళా నుంచి పోయే లెక్కల కవరూ, కార్మికుడి ఇంటికి పోయే కార్డూ ఒక్క సంచిలనే పడ్డయి. దొరకూ కూలీకీ ఒకే కిటికీ ఉన్న చోటు కంపెనీ ఊర్ల ఇంకెక్కడన్నా చూసిండ్రా? క్లబ్బుల లేదు. దవాఖానల లేదు. క్వార్టర్లల అసలే లేదు.

కిటికీ ముందట నిలబడ్డ కష్టజీవి

జీతాల నాడు బొగ్గు పట్నం ఎట్లుంటదో చూసినోళ్లకు తెలుసు. ఫస్టు షిఫ్టు దిగిన మనిషి మొఖం కడుక్కున్నా కండ్ల చుట్టూ నల్లగనే ఉంటది. ఆ మొఖంతోనే మనియార్డరు కిటికీ కాడ వరుస కట్టేది. కరీంనగర్ పల్లెల నుంచి వచ్చినోళ్లు, పాలమూరు నుంచి వచ్చినోళ్లు, ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినోళ్లు. రాయరానోళ్లకు ఎవరో ఒకరు ఫారం నింపేది. అడుగున మిగిలే చిన్న జాగాల రెండు ముక్కలు రాయిచ్చేది. "నేను బాగున్న. మందులు తెచ్చుకో." ఊర్ల ఉన్న తల్లికి కొడుకు బతికే ఉన్నడని చెప్పే సాక్ష్యం ఆ రెండు ముక్కలే.

మా నాయిన బాయిల పనిచేసిండు. ఆయన ట్రంకు పెట్టెల మా నాయినమ్మకు పంపిన మనియార్డర్ల రశీదులు ఒక దారంతోటి కట్టి ఉండేటివి. డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది. నాయినమ్మ పోయింది. రశీదులు మాత్రం ఆయన పారెయ్యలేదు. ఎందుకు దాస్తున్నవు నాయినా అని అడిగితే, "నేను పని చేసిన్నని కంపెనీ కాడ కాగితం ఉంటది. నేను కొడుకునని నా కాడ ఈ కాగితమే ఉన్నది" అన్నడు.

ఆయన మాట ఇప్పటికీ నా చెవుల మోగుతనే ఉన్నది. ఒక భవనాన్ని కాపాడమంటే సున్నం, డంగు, కమాన్ల గురించే మాట్లాడాల్నా? లక్ష మంది కొడుకులు తమ కొడుకుతనాన్ని చేతుల పట్టుకుని నిలబడ్డ అరుగు అది. ఆ అరుగుకు విలువ కట్టేటి ఇంజనీరు ఎవరు?

ఆ సేవలు ఒక్కొక్కటే పోయినయి. 2013 జులైల టెలిగ్రాం బంద్ అయింది. 2015ల పాత మనియార్డరు బంద్ అయింది. 2025ల రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టుల కలిపేసిండ్రు. కాలం మారింది, కాదనం. సేవ పోతే మిగిలేది గోడ. ఆ గోడ కూడా పోతే మిగిలేది ఏంది?

స్టాంపు మీద బొమ్మ, నేల మీద శూన్యం

పోస్టుకూ బొగ్గుకూ హైదరాబాద్‌కూ ఉన్న బంధం చూడాలంటే ఒక చిన్న స్టాంపు చాలు.

నిజాం రాజ్యానికి సొంత తపాలా ఉండేది. 1869ల మొదటి స్టాంపు వేసిండ్రు. ఆ తర్వాత కొద్ది ఏండ్లకే వచ్చిన స్టాంపుల మీద విలువను ఫార్సీ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, మరాఠీల కూడా అచ్చేసిండ్రు. తెలంగాణకు భాష లేదు, బండి లేదు అని ఎక్కిరిచ్చినోళ్లు ఆ స్టాంపులు ఒకసారి చూడాలె. 1931ల చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్ సాగర్, అజంతా, బీదర్ మదర్సా బొమ్మలు వేసిండ్రు. 1937ల ఉస్మానియా దవాఖాన, ఉస్మానియా యూనివర్సిటీ బొమ్మలు వేసిండ్రు. ఇక ఆఖరి రోజులల్ల, 1947ల, ఓరుగల్లు కోట తోరణంతోటి, గోలకొండతోటి సమానంగ ఇంకొక బొమ్మ వేసిండ్రు. అది హైదరాబాద్ పవర్ హౌస్.

అవును. కాకతీయుల తోరణం పక్కన బొగ్గుతోటి నడిచే కరెంటు కర్మాగారం. రాజరికం అని మనం తిట్టుకునే సర్కారుకు కూడా, కోట ఎంత ఘనమో కరెంటు పుట్టే తావు అంత ఘనమని తోచింది. 1950ల ఆ తపాలా భారత తపాలాల కలిసిపోయింది. బొమ్మ మాత్రం స్టాంపు దాచుకునేటోళ్ల పుస్తకాలల్ల మిగిలింది.

భవనం ఏమైంది? 1920ల హుస్సేన్ సాగర్ ఒడ్డున లేచిన ఆ పవర్ హౌస్‌ను 1995ల ఉమ్మడి పాలకులు నేలమట్టం చేసిండ్రు. ఇయ్యాల ఆ చుట్టుపక్కల సినిమా తెరలున్నయి, తోటలున్నయి. ఐమాక్స్‌ల సినిమా చూసి బయటికొచ్చే పిల్లగాన్ని అడగండి, నువ్వు నిలబడ్డ చోట ఏముండేనని. వానికి తెల్వదు. తప్పు వానిది కాదు. చెప్పే ఒక్క గోడ కూడా మిగల్చలేదు.

హైటెక్ సిటీ కథ అక్కడనే మొదలైతదని నేనంట. పాత పవర్ హౌస్‌ను కూల్చిన మూడేండ్లకే సైబర్ టవర్స్ లేచింది. ముందు బొగ్గు గుర్తును చెరిపిండ్రు, తర్వాత కరెంటు ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు అద్దాల మేడ చూపెట్టిండ్రు. కొత్తగూడెం, రామగుండం, భూపాలపల్లి, జైపూర్ బాయిలర్లల్ల సింగరేణి బొగ్గు కాలకుంటే తెలంగాణల బుగ్గలు ఎన్ని వెలుగుతయి? 2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలైనంక బాయిలు బంద్ చేసిన కార్మికులు ఆ సంగతి ఢిల్లీకి కూడా తెలిపిండ్రు. వాళ్లు తట్ట దించినంకనే కదా కోతల బాధ అందరికీ అర్థమయింది!

జాబితా ఎవరి కోసం?

1995 సంవత్సరాన్ని ఇంకో తీరుగ కూడా గుర్తు పెట్టుకోవాలె. పవర్ హౌస్ పోయిన ఆ ఏడాదే, హుడా 13వ నిబంధన కింద హైదరాబాద్ చారిత్రక కట్టడాల జాబితా వచ్చింది. వందకు పైగ భవనాల పేర్లు ఎక్కినయి. మంచిదే. దేవిడీలు ఎక్కినయి, మహళ్లు ఎక్కినయి. అయితే అది పట్నం వరకే. గోదావరి ఒడ్డున ఉన్న బొగ్గు పట్నాలకు అసుంటి రక్షణ ఏదీ రాలేదు.

జాబితాల పేరుంటే ఏమైతదో ఎర్రమంజిల్ చూపెట్టింది. కొత్త అసెంబ్లీ కోసం దాన్ని కూల్చుతమని మంత్రివర్గం నిర్ణయిస్తే, 2019 సెప్టెంబరుల హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. పేరు ఒకనాడు కాగితం మీద ఎక్కింది కాబట్టి పట్టుకోవడానికి కొస దొరికింది. రేపు బెల్లంపల్లిల, ఇల్లందుల, కొత్తగూడెంల ఒక పాత పోస్టాఫీసు మీదికి జేసీబీ వస్తే ఏ కాగితం పట్టుకుని ఏ కోర్టుకు పోవాలె?

ఇక మనోళ్ల ఘనత. తెలంగాణ వచ్చిన ఏడాదిన్నరకే, 2015 డిసెంబరుల, ఉన్న ఆ 13వ నిబంధననే తీసేసిండ్రు. 2017ల తెలంగాణ వారసత్వ చట్టం తెచ్చిండ్రు. ఈ చట్టం పట్నానికే కాదు, రాష్ట్రం మొత్తానికి వర్తిస్తది. కాగితం మీద ఇది మనం అడిగిందే. మరి అమలు? ఆ చట్టం కింద బొగ్గు బెల్టుల ఎన్ని కట్టడాలను గుర్తించిండ్రు? పేర్లు చదవండి, వింటం.

2021 జులైల రామప్పకు యునెస్కో గుర్తింపు వస్తే పండుగ చేసుకున్నం. చేసుకోవాల్సిందే. ఎనిమిదివందల ఏండ్ల కింద రాయి చెక్కిన చేతులకు దండం పెట్టినం. అదే ములుగు, భూపాలపల్లి నేల కింద నిన్నగాక మొన్నటి దాక బొగ్గు చెక్కిన చేతులకు ఏం పెడ్తం?

ఎనిమిది టవర్లు, క్షణాలల్ల

2024 ఆగస్టు 5న పాల్వంచల పాత కేటీపీఎస్ కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని పేలుడు పెట్టి కూల్చిండ్రు. జనం సెల్‌ఫోన్లల్ల వీడియోలు తీసిండ్రు. టీవీలల్ల చూపెట్టిండ్రు. పాత ప్లాంటు కాలం తీరిందనేది నిజం. దాన్ని నడిపించాలని ఎవరూ అనరు.

కానీ ఒక్క మాట. 1969 జనవరిల తెలంగాణ నిప్పు రాజుకున్నది ఎక్కడ? ఖమ్మం జిల్లాల. ఏ సంగతి మీద? ఇదే కేటీపీఎస్ కొలువులల్ల స్థానికులకు జరిగిన అన్యాయం మీద. అసుంటి తావుల ఎనిమిదింటిల ఒక్కటి, ఒకే ఒక్కటి, నిలబెట్టి దాని కాళ్ల కాడ నాలుగు అక్షరాలు చెక్కాలనే సోయి ఒక్క అధికారికన్నా వచ్చిందా? 1995ల పరాయి పాలన అని తిట్టినం. 2015ల, 2024ల ఎవరిని తిట్టాలె? పార్టీ మారింది, జెండా మారింది, బొగ్గు బిడ్డ జ్ఞాపకం మీద సర్కారు చూపు మారలేదు.

పాత గోడలతోటి కడుపు నిండుతదా?

కొందరు పెద్దమనుషులు ఈ ప్రశ్న వేస్తరు. న్యాయమైన ప్రశ్నే. 1990లల్ల లక్ష దాటి ఉన్న సింగరేణి కార్మికులు ఇయ్యాల నలభై వేల చుట్టుపక్కలకు వచ్చిండ్రు. బొగ్గుల పెద్ద వాటా ఇప్పుడు ఓపెన్ కాస్టులదే. ఓపెన్ కాస్టు అంటే ఊరి పక్కన తవ్వుడు కాదు, ఊరినే తవ్వుడు. కొలువు పోయి, ఊరు పోయే కాలంల పోస్టాఫీసు గోడ ఎందుకని అంటరు.

అందుకే కావాలె. బొగ్గు అయిపోయిన నాడు ఆ పట్నాలు ఏం తిని బతుకుతయి? ఈ ప్రశ్నకు లోకంల జవాబు చెప్పినోళ్లున్నరు. జర్మనీల ఎస్సెన్ పట్నంల జోల్‌వెరైన్ బొగ్గు బాయి 1986ల మూతపడ్డది. దాన్ని కూల్చలేదు. 2001ల అది ప్రపంచ వారసత్వ జాబితాల ఎక్కింది. ఇయ్యాల జనం టికెట్లు కొని చూస్తున్నరు. తెల్లోళ్ల సంగతి వద్దంటరా? ఇండోనేషియాల సవాహ్లుంతో చూడండి. మన తీరుగనే పరాయి దొరలు వచ్చి బొగ్గు తవ్వించిన ఊరు. బాయి, రైలు లైను, కార్మికుల బస్తీ అన్నీ కలిపి 2019ల యునెస్కో జాబితాకు ఎక్కించుకున్నరు. వాళ్లకున్నది మనకు లేనిది ఏంది? బొగ్గా? చరిత్రా? సోయి ఒక్కటే.

కాపాడకుంటే ఏమైతదో చూడాలంటే పక్క రాష్ట్రం పోదాం. మన తెలుగోళ్లు కూడా తరతరాలుగ పనిచేసిన కోలార్ బంగారు గనులు 2001ల మూతపడ్డయి. బంగారం ఎక్కడికో పోయింది. ఊరికి మిగిలింది సైనైడు మట్టి దిబ్బలు. రేపటి బొగ్గుట్టకు అదే గతి పట్టనియ్యాల్నా?

తప్పించుకునే తోవ లేదు

పోస్టాఫీసు కేంద్రానిది, మా చేతుల లేదని రాష్ట్రం అంటది. గని ఊర్లు రాష్ట్రానివి, మాకు సంబంధం లేదని కేంద్రం అంటది. ఈ బంతాట మనకు కొత్త కాదు. కానీ సింగరేణి కాడ ఈ ఆట చెల్లదు. ఆ కంపెనీల 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. లాభం పంచుకునేటప్పుడు ఇద్దరూ సొంతదారులే. గోడ కాపాడేటప్పుడు ఇద్దరూ చుట్టాలా?

డబ్బు లేదనే మాట కూడా చెల్లదు. 2015ల కేంద్రమే చట్టం మార్చి, గనులున్న జిల్లాల బాగు కోసం ఖనిజ నిధి ట్రస్టులు పెట్టించింది. తవ్విన ప్రతి టన్నుకూ ఆ నిధికి పైస పడుతది. అది బొగ్గు జనం పైస. అందుల పిడికెడు చాలు.

మనం అడిగేది సక్కటి నాలుగు మాటలు.

ఒకటి: ఇల్లందు నుంచి బెల్లంపల్లి దాక, కొత్తగూడెం నుంచి గోదావరిఖని దాక, పాత పోస్టాఫీసులు, రైలు స్టేషన్లు, కంపెనీ ఆఫీసులు, దవాఖానలు, కార్మికుల లైన్లు, యూనియన్ ఆఫీసులు ఎన్ని మిగిలినయో ఇల్లిల్లూ తిరిగి లెక్క తీయాలె. ఎప్పుడు కట్టిండ్రు, ఎవరిది, ఎట్లున్నది అనేది రాసి జనం ముందట పెట్టాలె.

రెండు: లెక్క తేలే దాక ఒక్క పాత ప్రభుత్వ కట్టడం మీద కూడా గడ్డపార పడొద్దు.

మూడు: 2017 చట్టం కింద బొగ్గు బెల్టు కట్టడాలను గుర్తించి రక్షణ ఇయ్యాలె. చట్టాన్ని బీరువాల దాచుడు బంద్ చెయ్యాలె.

నాలుగు: డిసెంబరు 23 నాడు సింగరేణి డే అని ఉపన్యాసాలు చెప్పుడు తోటి సరిపెట్టకుంట, కార్మికుల ఉత్తరాలు, రశీదులు, ఫోటోలు, తట్టలు, దీపాలు పోగుచేసి ఒక పాత పోస్టాఫీసులనే పెట్టాలె. బొగ్గుబాయి మ్యూజియం అద్దాల మేడల వద్దు. కిటికీ ముందట వరుస కట్టిన తావులనే కావాలె.

సైబరాబాద్‌ల కొలువు చేసే తెలంగాణ బిడ్డలకు ఒక మాట. మీలో ఎంత మంది సింగరేణి క్వార్టర్లల్ల పుట్టిండ్రు? ఎంత మంది చదువు ఫీజు బాయి జీతం నుంచి వచ్చింది? ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ చేతుల ఉన్న ఫోన్‌తోటి మీ ఊరి పాత పోస్టాఫీసు ఫోటో తీయండి. గోడ మీద ఏడాది చెక్కి ఉంటే రాసుకోండి. ముసలి పోస్టుమాన్ ఉంటే పక్కన కూసోని మాట్లాడండి. మీ నాయిన పెట్టె తెరిసి చూడండి. సర్కారు జాబితా రాయకుంటే మనమే రాద్దాం. రాసినంక దాని మీద మనమే అడ్రసు రాసి, స్టాంపు అంటిచ్చి, సెక్రటేరియట్‌కు పోస్టు చేద్దాం.

పోస్టు డబ్బా ఇంకా ఉండంగనే.